మగ్గం మీద వదిలిన పని

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కడప జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినపడుతోందా? చెయ్యెత్తండి. సరే, వినపడనివాళ్లు ఎలాగూ ఎత్తరు. (నవ్వులు)

నన్ను పిలిచేటప్పుడు లైబ్రేరియన్ మేడమ్ ఒక మాట అన్నారు. "డిగ్రీ పిల్లలు వస్తారు సార్, కొంచెం మోటివేషన్ ఇవ్వండి" అని. అది ఇచ్చేదే అయితే, సీసాలో దొరికేదే అయితే, ముందు నేనే రెండు మోతాదులు తాగి ఉండేవాణ్ని. ఎందుకంటే నా తలలో ఒక ఆలోచన పదిహేనేళ్లు ఊరికే పడి ఉంది. ఈరోజు ఆ సంగతే చెబుతాను. మధ్యలో మన కడపలో కాపురమున్న ఒక దొరగారి సంగతి కూడా వస్తుంది.

మాది నేత ఇల్లు. నాయన గుంట మగ్గం మీద నూలు చీరలు నేసేవాడు. నేను లెక్కల మాస్టారినయ్యాను, తమ్ముడు ఉద్యోగానికి పోయినాడు, మగ్గం ఆగిపోయింది. 1998లో నాయన పోయినాడు. పెద్దకర్మ నాడు బంధువులు కూర్చుని మాట్లాడుకుంటుంటే నాకు తట్టింది. నేత పనిలో ఎన్ని మాటలున్నాయి! పడుగు, పేక, నాడె, కండె, ఆసు, అచ్చు. ఇవి అందరికీ తెలిసినవి. ఇవి కాక దారం తెగితే ఒక మాట, చిక్కు పడితే ఒక మాట, అంచు వంకర పోతే ఒక మాట, అవన్నీ నాయనతోపాటు పోతున్నాయి కదా అనిపించింది. అన్నీ రాసి పెడదామనుకున్నాను. ఆ రాత్రే అనుకున్నాను.

మర్నాడు ఏం చేశానంటే, ఒక మంచి డైరీ కొన్నాను. అట్ట గట్టిది. మొదటి పేజీలో చక్కగా పేరు రాశాను, కింద నాయనకు అంకితం అని రాశాను. అంతే. తర్వాత పేజీ తెల్లగా ఉంది. రెండేళ్లకు ఇంకో డైరీ. మళ్లీ పేరు, మళ్లీ అంకితం. అలాంటివి మా ఇంట్లో నాలుగున్నాయి. అంకితం ఇచ్చేశాను, ఇక పుస్తకమే తరువాయి. (నవ్వులు)

నవ్వండి, తప్పులేదు. కానీ ఈ పదిహేనేళ్లలో నేను ఆ పని గురించి మాట్లాడని పెళ్లి లేదు. "ఏం చేస్తున్నారు మాస్టారూ?" అంటే "మన నేత మాటలన్నీ సేకరిస్తున్నా" అనేవాణ్ని. విన్నవాళ్లు "అబ్బ, గొప్ప పని సార్" అనేవాళ్లు. ఆ మెచ్చుకోలుతో కడుపు నిండిపోయేది. పని చేస్తే రావలసిన తృప్తి చెయ్యకముందే వచ్చేస్తే, ఇక చేసేదెవరు? మీకేదైనా ఆలోచన ఉంటే దాన్ని ఊరంతా చెప్పుకోకండి. ఒక్కరికి చెప్పండి. ఆ ఒక్కరు ఎవరైతే మంచిదో తర్వాత చెబుతాను.

మన పద్యం ఒకటుంది కదా, భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు. "ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై". బళ్లో అందరం బట్టీ పట్టినదే. అడ్డంకులకు భయపడి మొదలే పెట్టనివాళ్లు నీచులు, మొదలుపెట్టి వదిలేసేవాళ్లు మధ్యములు, ఎన్ని అడ్డొచ్చినా పూర్తి చేసేవాళ్లు ధీరులు. పద్యం బంగారం. ఎన్నో ఏళ్లు తరగతిలో నేనూ దాన్ని ఉదాహరణగా చెప్పాను. కానీ ఆ లెక్క మాత్రం నాకిప్పుడు ఒప్పుదల లేదు. ముగ్గురు మనుషులు లేరక్కడ. నా పింఛను కాగితాల విషయంలో నేను ధీరుణ్ని, డైరీ విషయంలో నీచుణ్ని, పొద్దున నడక విషయంలో మధ్యముణ్ని. ఒకే మనిషి, ఒకే వారంలో. మరి తేడా ఎక్కడుంది? పింఛను కాగితానికి తేదీ ఉంది, ఆఫీసు ఉంది, అడిగే గుమాస్తా ఉన్నాడు. డైరీకి ఎవరున్నారు?

ఇప్పుడు దొరగారి దగ్గరికి పోదాం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కడపలో ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్లు ఒకసారి వెళ్లి రండి. 1798లో కలకత్తాలో పుట్టాడు, 1817లో మద్రాసు వచ్చాడు, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. వచ్చేనాటికి ఆయన తెలుగు అంతంత మాత్రమే. అలాంటి మనిషి 1827లో తెలుగు ఛందస్సు మీద పుస్తకం వేశాడు. 1829లో వేమన పద్యాలు 693, ఇంగ్లీషు అనువాదంతో వేశాడు. 1840లో వ్యాకరణం. 1852లో నిఘంటువు. కడపకు వచ్చిన ఏడాది నుంచి లెక్కేస్తే నిఘంటువు దాకా ముప్పై రెండేళ్లు. ముప్పై రెండేళ్లు ఒకే ఉత్సాహంతో ఏ మనిషీ ఉండడు. ఉన్నాడని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

మరి ఏముంది ఆయన దగ్గర? 1826లో తిరిగి కడప వచ్చాక ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను, లేఖకులను కూర్చోబెట్టి తన సొంత జీతంలోంచి జీతాలిచ్చాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఒక కావ్యం కావాలంటే ఊరూరా వెదికించి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించేవాడు. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు తమ చేతిలోని ప్రతితో సరిచూస్తారు, తేడా వచ్చిన చోట ఆగుతారు, చర్చ జరుగుతుంది, లేఖకుడు శుద్ధప్రతి రాస్తాడు. వేమన పద్యాలకైతే ముందు పద్యాల మొదటి మాటల్ని అకారాదిగా పట్టీ వేయించాడు. ఒకే పద్యం పది ప్రతుల్లో పది రకాలుగా ఉంటే ఏది ఎక్కడుందో తెలియాలి కదా. చాదస్తంగా కనిపించే ఆ పట్టీ లేకుండా 1829 పుస్తకం రాదు.

ఆ బంగళాలో పొద్దున్నే ఏం జరిగి ఉంటుందో ఊహించండి. దొరకు కచేరీ పనులున్నాయి, తలనొప్పి ఉంది, కడప ఎండ ఉంది. ఈరోజు తెలుగు వద్దులే అనుకోవచ్చు. కానీ లోపల నలుగురు పండితులు గంటాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. నిన్న ఆగిన పద్యం దగ్గర తాటాకు తెరిచి ఉంది. "దొరగారూ, ఈ పాఠం ఉంచాలా, ఆ పాఠం ఉంచాలా?" అని అడిగేవాడున్నాడు. ఇక ఎలా తప్పించుకుంటాడు? మనసు బాగున్న రోజున, మనసు బాగుండని రోజుల కోసం ఆయన ముందే ఏర్పాటు చేసిపెట్టుకున్నాడు. నాకు బ్రౌన్ జీవితంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఆ పండితుల పేర్లు మనం తక్కువ తలుస్తాం. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటివాళ్లు లేకపోతే దొర ఒక్కడూ ఏం చేయగలడు? ఇంకోటి, ఇలా ఖర్చు పెట్టి అప్పులపాలయ్యాడాయన. 1834లో ఉద్యోగం కూడా పోయింది, ఇంగ్లండు వెళ్లిపోయాడు. మళ్లీ కొన్నేళ్లకు మద్రాసుకు తిరిగొచ్చి పని అందుకున్నాడు. ఆ మధ్య కాలంలో లండన్‌లో కూడా ఈస్టిండియా కంపెనీ లైబ్రరీలో ఉన్న తెలుగు ప్రతుల దగ్గరే కూర్చున్నాడు.

"పని అందుకున్నాడు" అన్నాను చూడండి, ఇక్కడ మళ్లీ మా నాయన గుర్తొస్తాడు.

నేత తెలియని పిల్లల కోసం చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, ఎక్కిస్తే నాలుగైదు చీరలు దిగుతాయి. ఆ పడుగు ఎక్కించడమే పెద్ద తతంగం. ఆసు పోయాలి, అంటే పోగుల్ని పొడవుగా వరస పెట్టాలి, తెల్లారుజామున వీధిలో సాచి గంజి పెట్టాలి, మబ్బు పడితే గుండె ఆగిపోతుంది. మగ్గం మీదికి వచ్చాక వేల పోగులు ఒక్కొక్కటే, దువ్వెనలా ఉండే అచ్చు పళ్ల సందుల్లోంచి రావాలి. అందుకే నేతగాడు ఏం చేస్తాడంటే, పాత పడుగు అయిపోయినప్పుడు దాన్ని పూర్తిగా లాగెయ్యడు. చివర జానెడు పోగులు అచ్చులోనే వదిలేస్తాడు. కొత్త పడుగు వచ్చాక, కొత్త పోగు కొసను పాత పోగు కొసకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. మా అమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని రోజంతా అదే పని చేసేది. అతుకు అయ్యాక మెల్లగా లాగితే పాతది దారి చూపిస్తుంది, కొత్తది దాని వెనకే అచ్చులోంచి వచ్చేస్తుంది.

నాయన రాత్రి మగ్గం దిగేటప్పుడు కూడా అంతే. అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయేది నాడె, అందులో దారం చుట్టి పెట్టేది కండె. నాడెలో కండె అయిపోయి ఉంటే కొత్త కండె పెట్టి దిగేవాడు. తెగిన పోగు ఉంటే అతికి దిగేవాడు. పొద్దున్నే లేచి గుంటలో కాళ్లు పెడితే "ఈరోజు ఏం చేద్దాం" అనే ప్రశ్నే లేదు. నిన్నటి బట్ట ఎదురుగా ఉంది, నాడె చేతికందే చోట ఉంది. చిన్నప్పుడు నేనడిగాను, "నాయనా, నీకు ఎప్పుడూ విసుగు రాదా?" అని. "వస్తాదిరా. విసుగుతోనే కూచ్చుంటా. నాలుగు బెత్తెలు నేసినాక అది యాడికో పోతాది" అన్నాడు. ఈ మాటకు ఇంగ్లీషులో పెద్ద పెద్ద పుస్తకాలున్నాయని నాకు తర్వాత తెలిసింది.

పీటర్ గోల్విట్జర్ అని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నాడు. 1999లో ఆయన ఒక పరిశోధన వ్యాసం రాశాడు. దాని సారం ఇది. "వ్యాయామం చేస్తాను" అనుకునేవాడి కంటే "సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవగానే, బట్టలు మార్చుకుని మేడ మీదికి పోతాను" అనుకునేవాడు ఎక్కువగా చేస్తాడు. ఎప్పుడు, ఎక్కడ, ఏది అయ్యాక ఏది. అంతవరకు ముందే తేల్చుకుంటే ఆ క్షణం రాగానే పని దానంతట అదే మొదలవుతుంది. అప్పటికప్పుడు మనసుతో కుస్తీ పట్టక్కర్లేదు. నాయన వేసిన కండె కూడా అదే కదా.

సరే, నా సంగతికి వస్తాను. 2012లో రిటైరయ్యాను. ఇక టైమే టైము అనుకున్నాను. ఏడాది గడిచింది, ఒక్క మాట రాయలేదు. టైము లేకపోవడం నా జబ్బు కాదని అప్పుడు తెలిసింది. పైగా ఇంకో జబ్బు పట్టుకుంది. స్కేలు పెట్టి పట్టికలు గీశాను, మాటలకు రంగు పెన్నులతో విభాగాలు చేశాను, ఎరుపు పనిముట్లకు, పచ్చ రంగులకు. రెండు నెలలు మహా ఆనందంగా గడిచాయి. పట్టికలో రాయడానికి మాటలు లేవు. (నవ్వులు) ఇది మర్యాదైన సోమరితనం. బయటికి పనిలాగే కనిపిస్తుంది, అందుకని పట్టుబడదు. ఫోన్లో రకరకాల ప్లానర్ యాప్‌లు పెట్టుకునే పిల్లలకు నేనేం చెబుతున్నానో తెలుస్తుంది.

దాని మీద ఇంకో దెబ్బ. ఒక స్నేహితుడు వచ్చి, "మాస్టారూ, ఈ పని ఎప్పుడో అయిపోయింది కదా" అన్నాడు. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం వేసింది. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. నేను తొడ కొట్టడానికి ఇరవై ఏడేళ్ల ముందే! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం హాయిగా కూడా ఉంది. మానేయడానికి గౌరవమైన కారణం దొరికింది కదా.

తర్వాత ఆ పుస్తకం సంపాదించి చదివాను. చదువుతుంటే మా అమ్మ వాడిన మాట ఒకటి అందులో కనపడలేదు. ఇంకోచోట మాట ఉంది, మా వీధి అర్థం వేరు. అప్పుడర్థమైంది, ఇది నాకు పాత పడుగు. జానెడు పోగులు అచ్చులో వదిలి పెట్టి వెళ్లారు పెద్దలు. నేను మొదటి నుంచి పోగులెక్కించక్కర్లేదు, అతుక్కుంటే చాలు. ఆ పుస్తకంలో ఉన్న మాట మా ఊళ్లో ఎలా అంటారు, లేనిది ఏది, ఇంతే నా పని. పని చిన్నదైంది. చిన్నదయ్యాకే మొదలైంది.

డైరీలు పక్కన పడేశాను. మన ఇళ్లలో శుభలేఖలకు కొదవ లేదు. పాత శుభలేఖలు కత్తిరించి, వెనక తెల్ల వైపు ఒక్కో అట్టకు ఒక్కో మాట. చెప్పులు కొన్న అట్టపెట్టెలో అకారాదిగా నిలబెట్టాను. అట్ట పాడైతే బాధ లేదు, అందంగా రాయాలన్న టెన్షన్ లేదు. డైరీ నన్ను భయపెట్టేది, శుభలేఖ భయపెట్టదు.

ఇందాక ఒక్కరికి చెప్పండి అన్నాను. నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు ఆటో నడుపుతాడు. వాడికి చెప్పాను, "గురువారం గురువారం పక్క ఊళ్లో మగ్గాల వీధికి నన్ను తీసుకుపోవాలి, బాడుగ ఇస్తా" అని. పొద్దున తొమ్మిదికి వచ్చి హారన్ కొడతాడు. మొదటి నెలలో మూడుసార్లు ఎగ్గొట్టాలని చూశాను. ఒకసారి జ్వరమన్నాను. "లేదు సార్, మీ గొంతు బాగానే ఉంది, రాండి" అన్నాడు. నా బళ్లో నేర్చుకున్న పాఠమే నాకు అప్పజెప్పాడు. బ్రౌన్‌కు పండితులెంతో నాకు ఈ ఆటో కుర్రాడు అంత. అందుకే చెబుతున్నాను, మెచ్చుకునేవాడికి చెప్పొద్దు. గేటు దగ్గర హారన్ కొట్టేవాడికి చెప్పండి.

మధ్యలో ఒక ముచ్చట. మూడొందల అట్టలయ్యాక డీటీపీ చేయించడానికి ఇచ్చాను. ఆ కంప్యూటరేదో పాడై మొత్తం పోయింది. చేసినాయన పాపం నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. అట్టలు పెట్టెలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు ప్రతి నెలా ఆఖరున మనవరాలు ఫోన్‌తో ఫొటోలు తీసి రెండు చోట్ల పెడుతుంది.

ఇప్పటికి పెట్టెలు మూడయ్యాయి, మాటలు పదకొండు వందల పైచిలుకు. పుస్తకం ఎప్పుడొస్తుందని అడుగుతారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో. సవర మాట్లాడే మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. మన్యం తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి చెవులు పోగొట్టుకున్నారు. భాష కోసం పోయి వినికిడి పోగొట్టుకోవడం! ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, 1940లో ఆయన కన్నుమూశారు. వాళ్లతో నాకు పోలికేంటి గానీ, తొందరేం లేదని చెప్పడానికి పనికొస్తుంది.

ఇంతవరకు నా గొప్పలు చెప్పాను. మా ఆవిడ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. రెండేళ్లు గడిచాక ఒక గురువారం నేను సంచి సర్దుకుంటుంటే ఆమె అంది, "మీకు గురువారం ఉంది. నాకే వారం ఉంది?" నాకు నోట మాట రాలేదు. ఆమెకూ ఒక ఆలోచన ఉంది. మా వీధి ఆడవాళ్లు రాట్నం దగ్గర పాడుకునే పాటలు ఆమెకు ముప్పైకి పైగా వచ్చు. వాటిని రికార్డు చేయాలని. చెప్పింది కూడా ఎప్పుడో, నేను "ఊఁ" అన్నాను. నా తొమ్మిది గంటల హారన్ వెనక ఎనిమిదింటి టిఫిను ఉంది, మధ్యాహ్నం మూతపెట్టిన అన్నం ఉంది. బ్రౌన్‌కు కంపెనీ జీతముంది, నాకు పింఛనూ ఆమే ఉన్నారు. ప్రణాళిక, క్రమశిక్షణ అని వేదికలెక్కి చెప్పే మావంటి మగవాళ్లు ఈ సంగతి మింగేస్తాం. ఇప్పుడు మంగళవారం ఆమెది. ఆరోజు వంట నాది, ఉప్మా, సాయంత్రానికి మళ్లీ ఉప్మా. (నవ్వులు) పద్దెనిమిది పాటలయ్యాయి. నాకంటే వేగంగా పోతోంది.

పిల్లలూ, మీలో పోటీ పరీక్షల వాళ్లుంటారు, షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునేవాళ్లుంటారు. ఈ రాత్రి ఒక్క పని చేసి చూడండి. చదువు ఆపేటప్పుడు అధ్యాయం పూర్తి చేసి మూసెయ్యకండి. తర్వాతి అధ్యాయంలో ఒక లెక్క మొదలుపెట్టి, రెండు మెట్లు వేసి, పెన్ను అక్కడే పెట్టి పడుకోండి. పొద్దున లేస్తే ఆ మూడో మెట్టు మిమ్మల్ని పిలుస్తుంది. నేను అట్టపెట్టె అలాగే వదులుతాను. మాట రాసి, అర్థం సగం రాసి ఆపుతాను.

బ్రౌన్ కాగితాలు కూడా అలాగే మద్రాసులో పడి ఉంటే, ఒక శతాబ్దం గడిచాక పరిశోధకుడు బంగోరె గారు దుమ్ము దులిపి ప్రచురించారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఆ బంగళా ఉన్న చోట గ్రంథాలయం కావాలని పట్టుబట్టి విరాళాలు అడిగి తిరిగారు. 1987లో పునాది పడింది. తలుపులు తెరిచేసరికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. ఆయనకు ఎన్నిసార్లు విసుగొచ్చి ఉంటుందో!

టైమయిందని మేడమ్ చూస్తున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే... ఆఁ, ఆ మూలన, చెప్పమ్మా. లేచి చెప్పు.

ఏమిటీ? నేను అతుకు గురించి చెప్పిన మాట మీ వీధిలో అలా అనరా? మరేమంటారు? వినపడలేదు తల్లీ, ఫ్యాన్ శబ్దం. ఎవరైనా ఆ ఫ్యాను ఆపండి కొంచెం. మైకు వద్దులే, నువ్వే ఇటు రా, ముందుకు రా. నిదానంగా చెప్పు, రాసుకుంటాను. జేబులో శుభలేఖ ఉండాలే...